మా అమ్మాయి పాటలు నేను విన్నాను

మీ ఇంట్లో పాట ఎప్పుడు మోగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొద్దున్నే సుప్రభాతం వస్తుంటే మీరు డికాషన్ దింపుతూ ఉంటారు. మధ్యాహ్నం పాత సినిమా పాటలు వస్తుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంటారు. సాయంత్రం అన్నమయ్య కీర్తన వస్తుంటే కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ ఉంటారు. "పాటలు వింటూ పని చేసుకుంటాను" అని చెప్పుకుంటాం గానీ, నిజానికి చేసేది పనే. పాట చెవిన పడుతుందంతే!

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కుదురుగా కూర్చుని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక రికార్డు మొత్తం మీరు విని ఎన్నాళ్లయింది? నిష్ఠూరం కాదు, ఊరికే అడుగుతున్నాను. నా సంగతి చెప్పాలంటే, అరవై ఏళ్లు నిండేదాకా నేనా పని చెయ్యలేదు. చేసింది కూడా సరదాకి కాదు, ఒక పాత తప్పు దిద్దుకోవడానికి.

అటకమీది అట్టపెట్టె

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదివే రోజులు. 2004 నాటి మాట. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు మేనకోడలికి ఒక సీడీ ప్లేయరు, చెవులకి పెట్టుకునేవి, కొన్ని సీడీలు కొని తెచ్చాడు. ఇక చూడండీ, పుస్తకం ముందుంటుంది, చెవుల్లో పాట ఉంటుంది. పిలిస్తే పలకదు. కాలేజీలో పెట్టిన పరీక్షలో లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఎంసెట్ నాలుగు నెలల్లో ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ప్లేయరూ సీడీలూ అన్నీ ఒక బిస్కెట్ల అట్టపెట్టెలో పడేసి, పురికొస కట్టి, అటకెక్కించేశాను. "ఎంసెట్ అయ్యాక ఇస్తాలే" అన్నాను.

అది ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. ఎంసెట్ రాసింది, సీటొచ్చింది, హాస్టల్‌కి వెళ్లింది, ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది, టొరంటో వెళ్లిపోయింది. పెట్టె సంగతి అది అడగలేదు, నేను ఇవ్వలేదు.

మొన్న సంక్రాంతికి ముందు బూజులు దులిపిస్తుంటే ఆ పెట్టె కిందకి దిగింది. లోపల ఆరు సీడీలు. వాటితోపాటు లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం ఒకటి. పైన "తప్పకుండా వినవలసినవి" అని మా అమ్మాయి గుండ్రటి దస్తూరీ. ఏదో పత్రికలో గొప్ప ఆల్బమ్స్ అని వేసిన పట్టిక చూసి, అందులోంచి కొన్ని ఏరుకుని, తనకు తోచినవి కొన్ని కలిపి రాసుకుందన్నమాట. విన్నవాటికి టిక్కు పెట్టి, పక్కన తన అభిప్రాయం ఒక్కో ముక్క రాసింది. ఐదింటికి టిక్కులున్నాయి. ఆరోదానికి లేదు. ఆ సీడీ మీద ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

మొదటిదాని పక్కన ఏం రాసిందో తెలుసా? "ఇది అమ్మకి వినిపించాలి" అని.

బూజుకర్ర పట్టుకుని అలాగే స్టూలుమీద కూలబడ్డాను.

అసలు ఆల్బమ్ అంటే...

మనకి ఆల్బమ్ అంటే పెళ్లి ఫోటోలు గుర్తొస్తాయి కదూ? పాటల ఆల్బమ్‌కి ఆ పేరు రావడానికి కారణమూ అలాంటిదే. పూర్వం గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పాడేది. పెద్ద కచేరీ కావాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని ఫోటోల పుస్తకంలాంటి అట్టల్లో పెట్టి అమ్మేవారు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. అప్పటినుంచి పాడేవాళ్లకి కొత్త ఆలోచన వచ్చింది. ఏ పాట ముందు, ఏది వెనక, ఏ పాటతో ఒక వైపు ముగించాలి అని వరస కట్టడం మొదలుపెట్టారు. విస్తట్లో పప్పు, కూర, పులుసు, పెరుగు ఒక వరసలో వస్తాయి కదా, అలాగన్నమాట.

మనకీ ఈ అలవాటు లేకపోలేదు. 1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు క్యాసెట్టు ఒక వైపు అయిపోగానే తిప్పి రెండో వైపు పెట్టుకుని ఎంతమంది వినలేదు! 1974లో కన్నుమూసిన ఘంటసాలగారు పాడిన భగవద్గీత తెలియని తెలుగిల్లు ఉందా? కానీ ఇప్పుడది ఎక్కడ వినబడినా "ఎవరు పోయారో పాపం" అనుకుంటాం తప్ప, కూర్చుని విన్నవాళ్లం ఎంతమందిమి?

సరే, నా సంగతికొస్తాను. పాత ప్లేయరు పని చెయ్యలేదు. బ్యాటరీ కారి లోపలంతా పచ్చగా పట్టేసింది. "ఇవన్నీ ఫోన్లోనే వచ్చేస్తాయి కదాంటీ" అన్నాడు రిపేరు షాపు కుర్రాడు. వస్తాయని నాకూ తెలుసు. కానీ నాకు కావలసింది అవి కాదు, ఆ పెట్టెలోవి. మూడు రోజులు తిప్పుకుని మొత్తానికి బాగు చేసిచ్చాడు. మావారు దానికి స్పీకరు తగిలించారు.

ఒక నియమం పెట్టుకున్నాను. వారానికి ఒక్కటే ఆల్బమ్. శనివారం మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో లేవకూడదు, చేతిలో పని ఉండకూడదు. ఒక్కోటి మూడుసార్లు విన్నాకే అభిప్రాయం చెప్పాలి. మా అమ్మాయి కాగితంలో దాని అభిప్రాయం పక్కనే నాదీ ఒక ముక్క రాయాలి. దానికి మాత్రం అప్పుడే చెప్పదల్చుకోలేదు.

మొదటి వారం: కొండల్లో ఒక రోజు

'కాల్ ఆఫ్ ది వ్యాలీ'. 1967 నాటి రికార్డు. శివకుమార్ శర్మగారి సంతూర్, హరిప్రసాద్ చౌరాసియాగారి వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రాగారి గిటారు. కాశ్మీరులో ఒక గొర్రెల కాపరి జీవితంలో ఒక్క రోజు, తెల్లవారినప్పటి నుంచి రాత్రి దాకా, మాటలు లేకుండా రాగాలతో చెబుతారు. ఆహిర్ భైరవ్‌తో తెల్లవారుతుంది. పీలూ, భూప్, దేశ్ మీదుగా పహాడీతో రాత్రవుతుంది.

మా అత్తగారికి ఎనభయ్యారేళ్లు. చూపు తగ్గింది గానీ చెవులు బ్రహ్మాండం. గదిలోంచి "ఏమే అమ్మాయ్, సాయంత్రం పూట పొద్దుటి రాగం పెట్టావేమే? చక్రవాకంలా ఉందే!" అని కేకేశారు. ఆహిర్ భైరవ్‌కి మన చక్రవాకం దగ్గర చుట్టం. ఆవిణ్ణి కూడా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. భూప్ రాగానే "ఇది మోహన" అని తేల్చేశారు. అలా మాకు ఇద్దరు సభ్యుల సంగీత సభ ఏర్పడింది!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొదటిసారి విన్నప్పుడు పదో నిమిషంలోనే నా కాళ్లు లేచిపోవాలని చూశాయి. బట్టలు తియ్యాలి, పాలు తోడెయ్యాలి అని మనసు పీకుతూనే ఉంది. మూడోసారికి గానీ కుదురు రాలేదు. గిటారుమీద కాబ్రాగారు మీటి వదిలేసిన స్వరం గాలిలో సన్నగిల్లుతుంటే దాన్నే వింటూ కూర్చున్నాను. ఆ రోజు పాలు తోడెయ్యడం గంట ఆలస్యమైంది. పెరుగు మాత్రం మామూలుగానే తోడుకుంది.

కాగితం మీద రాశాను: "అమ్మ వింది. ఇరవై ఏళ్లు ఆలస్యంగా."

రెండో వారం: ట్రంపెట్టూ, మౌనమూ

'కైండ్ ఆఫ్ బ్లూ'. మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ విద్వాంసుడిది. 1959లో న్యూయార్కులో మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు కూర్చుని రికార్డు చేసేశారు. ఐదే ఐదు పాటలు. జాజ్ సంగీతంలో ఇంతకు మించింది లేదంటారు పండితులు. మా అమ్మాయి రాసుకున్నది మాత్రం: "అర్థం కాలేదు. మళ్లీ వినాలి."

నాకూ మొదటిసారి అంతే. నవ్వకండి, పెద్ద హోటల్లో భోజనం చెప్పి ఎదురుచూస్తున్నప్పుడు మెల్లగా వినిపించే సంగీతంలా అనిపించింది. ట్రంపెట్ అంటే నాకు తెలిసింది మన పెళ్లి బ్యాండులో చెవులు చిల్లులు పడేలా ఊదే ట్రంపెట్టే. ఈయన అలా ఊదడే! నాలుగు స్వరాలు పలికించి ఆగిపోతాడు.

రెండోసారి వింటున్నప్పుడు మా అత్తగారు ఒక ప్రశ్న వేశారు. "ఆ బూరా అబ్బాయి ఊపిరి తీసుకోడానికి ఆగుతున్నాడా, ఆలోచించుకోడానికి ఆగుతున్నాడా?" అని. ఆ ప్రశ్నతో నాకు తలుపు తెరుచుకుంది. ఆ రికార్డులో వాయించేవాళ్లకి ముందుగా రాసిచ్చిన పాటంటూ పెద్దగా ఏమీ లేదట. ఈ స్వరాలు, ఈ చట్రం అని కొద్దిగా చెబితే, మిగతాది అక్కడికక్కడే అల్లుకున్నారు. మన ఆలాపన లాంటిదే కదండీ! ఆఖరి పాటలోనైతే ఐదు స్వర వరసలిచ్చి, ఒక్కోదానిమీద ఎవరికి ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండమన్నారు.

అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ కవరు వెనక ఒక మాట రాశాడు. జపానులో పల్చటి కాగితంమీద కుంచెతో బొమ్మ గీసేవాళ్లుంటారట. చెయ్యి ఆగినా, వెనక్కి దిద్దినా కాగితం చెడిపోతుంది. ఈ సంగీతం అలాంటిదన్నాడు. నాకు మా అమ్మ తెల్లవారుజామున వేసే మెలికల ముగ్గు గుర్తొచ్చింది. పిండి జారుతూ ఉంటుంది, చెయ్యి ఆగదు, చెరపడం ఉండదు. మూడోసారి విన్నప్పుడు ట్రంపెట్ పాటకంటే మధ్య మధ్య వదిలిన మౌనమే ఎక్కువ నచ్చింది.

మూడో వారం: ఉత్తరం పెట్టి వెళ్లిన అమ్మాయి

బీటిల్స్ పేరు వినని వాళ్లుండరు. 1967లో వాళ్లు చేసిన 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ఆల్బమ్‌ని చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా గొప్పదన్నారు. పాటల మాటలన్నీ కవరు వెనక అచ్చువేశారు కాబట్టి తెలుగు మీడియం దాన్నయినా చూసుకుంటూ వినగలిగాను.

సగం పాటలు నాకు తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కినట్టే ఉన్నాయి. రవిశంకర్‌గారి దగ్గర సితార్ నేర్చుకున్న జార్జ్ హారిసన్ పాటొకటి ఉంది. దిల్‌రుబా, తంబురా, తబలా అన్నీ వినిపిస్తాయి. పాట చివర మనుషులు పకపకా నవ్విన చప్పుడు. "అంత పాడి ఎందుకు నవ్వారూ?" అని మా అత్తగారికి కోపమొచ్చింది.

కానీ ఒక పాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' అని. పేపర్లో పడ్డ ఒక వార్త చూసి పాల్ మెకార్ట్నీకి తోచిన పాట. తెల్లవారుజామున ఒక అమ్మాయి ఉత్తరం రాసిపెట్టి, ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. తల్లి లేచి ఉత్తరం చూసుకుని కుప్పకూలుతుంది. పిల్లకి తామేం తక్కువ చేశామో ఆ తల్లిదండ్రులకి అర్థం కాదు. బీటిల్స్ నలుగురిలో ఒక్కరు కూడా ఇందులో వాద్యం పట్టలేదు. వయొలిన్లవంటి తీగ వాద్యాలూ, హార్ప్ మాత్రమే. ఆ హార్ప్ వాయించినావిడ షీలా బ్రాంబర్గ్. బీటిల్స్ రికార్డులో వాద్యం వాయించిన మొదటి స్త్రీ ఆవిడే.

మా అమ్మాయి ఉత్తరం పెట్టి పారిపోలేదు. చక్కగా కాళ్లకి దణ్ణం పెట్టి విమానమెక్కింది. అయినా ఆ తల్లి గొంతులో నా గొంతు వినిపించింది. "నీకేం తక్కువ చేశాం?" అని నేనెన్నిసార్లు అనలేదు! ఫీజులు కట్టాను, పాలూ బూస్టూ కలిపిచ్చాను, రాత్రి పన్నెండు దాకా పక్కన కూర్చున్నాను. అడిగినవన్నీ ఇచ్చాననుకున్నాను. అడగనిది ఒకటుందనీ, దాన్నే తీసి అటకమీద పెట్టాననీ తెలియలేదు.

ఆ శనివారం ఇక రెండోసారి పెట్టలేకపోయాను.

నాలుగో వారం: నాకు పట్టనిది

అన్నీ నచ్చాయని చెప్పడం లేదు సుమండీ. 'పెట్ సౌండ్స్' అని బీచ్ బాయ్స్ వాళ్ల ఆల్బమ్, 1966 నాటిది. దీన్ని కట్టిన బ్రయన్ విల్సన్‌కి అప్పటికి ఇరవై మూడేళ్లు. ఒక చెవి దాదాపు వినిపించేది కాదు. సైకిల్ గంట, కుక్కల అరుపులు, రైలు వెళ్తున్న చప్పుడు కూడా వాడుకున్నాడు. బేస్ గిటారు వాయించినవాళ్లలో క్యారల్ కే అనే ఆవిడ ఉంది. మగవాళ్లే నిండిన ఆ స్టూడియోల్లో పేరు తెచ్చుకున్న స్త్రీ.

మా అమ్మాయి "పదికి తొమ్మిది" వేసింది. నేను నాలుగుసార్లు విన్నాను. ఆ గొంతులు ఒకదానిమీద ఒకటి పేర్చిన తీరు మెచ్చుకోవాల్సిందే. కానీ బెల్లం ఎక్కువైన సున్నుండలా నా నోటికి మరీ తీపిగా తగిలింది. గొప్పదని తెలుసు, నాది కాదు. అంతే! ఆ మాట కాగితంమీద రాస్తున్నప్పుడు మొదట భయమేసింది, తరవాత హాయనిపించింది. పండితులు మెచ్చింది మనకి నచ్చకపోతే మన తెలివి తక్కువైపోదు. అయితే వినకుండా "గోల" అనడం వేరు, నాలుగుసార్లు విని "నాకు పట్టలేదు" అనడం వేరు. ఇరవై ఏళ్ల కిందట నేను చేసింది మొదటిది.

ఇంకో సంగతి. 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో వేసిన 500 గొప్ప ఆల్బమ్స్ పట్టికలో ఆ బీటిల్స్ రికార్డు మొదటిది. 2020లో మళ్లీ ఓట్లు తీసుకుని వేస్తే 24వ స్థానానికి దిగింది. మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్' పైకొచ్చింది. రికార్డులు అవే, పాటలు అవే. ఎంచేవాళ్లు మారితే వరస మారింది. మరి ఎంచేవాళ్లలో మనం మాత్రం ఎందుకుండకూడదు?

ఐదో వారం: ముప్పయి పౌండ్ల గొంతు

'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. పింక్ ఫ్లాయిడ్ వాళ్లది, 1973. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. మధ్యలో ఒక్కసారిగా గడియారాలన్నీ గణగణమంటే మా అత్తగారు "ఎవరే తలుపు కొడుతున్నారు?" అని ఉలిక్కిపడ్డారు.

మొదటి వైపు చివర ఒక ఆడమనిషి గొంతు వస్తుంది. ఒక్క మాట ఉండదు. అరుపో, ఏడుపో, ప్రార్థనో చెప్పలేం. ఆవిడ పేరు క్లేర్ టోరీ. మాటలేం లేవు, నీకు తోచినట్టు పాడు అన్నారట. పాడింది. ముప్పయి పౌండ్లు తీసుకుని ఇంటికెళ్లింది. ఆ రికార్డు కోట్లలో అమ్ముడుపోయింది. పాట కట్టినవాళ్ల పేర్లలో మాత్రం ఆవిడ పేరు లేదు. 2004లో ఆవిడ కోర్టుకెళ్లింది. 2005లో రాజీ కుదిరింది. అప్పటినుంచి ఆ పాట కట్టినవారిలో ఆవిడ పేరూ వేస్తున్నారు. వంట మనం చేస్తే వడ్డించినవాళ్లకి పేరొచ్చే ఇళ్లు మనకి కొత్తా? ఆవిడ ముప్పయ్యేళ్ల తరవాతైనా తన పేరు తను అడిగి రాయించుకుంది. అది నాకు నచ్చింది. పాట అంతకంటే నచ్చింది.

మా అమ్మాయి ఇక్కడ రాసుకున్నది: "లైట్లు తీసేసి విన్నాను." మేమూ తీసేశాం.

ఆరో వారం: టిక్కు లేనిది

ఇక మిగిలింది 'బ్లూ'. జోనీ మిచెల్ అనే కెనడా గాయని 1971లో పాడినది. ప్లాస్టిక్ కాగితం విప్పబోతే చెయ్యి రాలేదు. అది దానిది, నాది కాదు అనిపించింది. మావారు "ఫోన్ చేసి అడక్కూడదూ?" అన్నారు. ఆ వారం వాయిదా వేసి, ఆదివారం మామూలుగా ఫోనొచ్చినప్పుడు అడిగాను.

మా ఫోను సంభాషణలు మీకు తెలిసినవే. తిన్నావా, తిన్నాను. చలిగా ఉందా, ఉంది. అల్లుడు బాగున్నాడా, బాగున్నాడు. ఆ రోజు మాత్రం "అమ్మలూ, అటకమీద నీ సీడీల పెట్టె దొరికిందే" అన్నాను. అవతల మాట లేదు. "ఐదు విన్నాను. నీ కాగితం చూశాను. ఆ రోజు నేను చేసింది తప్పే తల్లీ" అన్నాను. ఇన్నేళ్లలో దానికి నేను 'తప్పు' అన్న మాట చెప్పడం అదే మొదలు.

కాసేపాగి, "పెట్ సౌండ్స్ నచ్చిందా?" అని అడిగింది. నచ్చలేదన్నాను. "నాకూ ఇప్పుడు అంత నచ్చదమ్మా" అని నవ్వింది. ఆరోది తరవాతెప్పుడైనా విన్నావా అంటే, "లేదు. ఆ పేరు చూస్తే ఎంసెట్ గుర్తొచ్చేది" అంది.

తరవాతి శనివారం సాయంత్రం మాకు ఏడున్నర, దానికి పొద్దున్న. ఫోను కలుపుకుని ఇక్కడ నేను సీడీ విప్పాను, అక్కడ అది తన ఫోన్లో పెట్టుకుంది. ఒకటి రెండు మూడు అని ఒకేసారి మొదలెట్టాం. పది పాటలు, ముప్పయ్యారు నిమిషాలు. గిటారు, పియానో, ఒళ్లో పెట్టుకు వాయించే డల్సిమర్ అనే చిన్న వాద్యం, ఆ గొంతూ... ఎక్కువగా ఇవే. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఎడమచెయ్యి బలహీనపడితే, తన చేతికి అనువుగా గిటారు తీగల్ని తనకి తోచినట్టు శృతి చేసుకుందట.

మూడో పాట 'లిటిల్ గ్రీన్'. ఆ పాట సంగతి మా అమ్మాయే చెప్పింది. 1965లో జోనీ పెళ్లికాకుండా ఒక ఆడపిల్లని కంది. చేతిలో డబ్బు లేదు, ఆదుకునేవాళ్లు లేరు. పిల్లని పెంపకానికి ఇచ్చేసింది. ఆ పిల్ల కోసం కట్టిన పాట అది. 1971లో విన్నవాళ్లకి అదేమిటో తెలియదు. ఇరవై ఏళ్లు పైబడ్డాక గానీ విషయం బయటికి రాలేదు. 1997లో తల్లీ కూతురూ కలుసుకున్నారు. ఈ ఆల్బమ్ 2003 పట్టికలో 30వది, 2020 పట్టికలో మూడోది. అదే జోనీ 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట, నడక మళ్లీ నేర్చుకుని, 2022లో డెబ్బయ్ ఎనిమిదేళ్ల వయసులో న్యూపోర్ట్ ఉత్సవంలో పాడింది.

ఆ పాట అయిపోయేదాకా ఇటు నేనూ మాట్లాడలేదు, అటు అదీ మాట్లాడలేదు. ఆల్బమ్ పూర్తయ్యాక "టిక్కు పెట్టనా?" అన్నాను. "నువ్వే పెట్టమ్మా" అంది. "పక్కన ఏం రాయమంటావ్?" "ఏం రాయొద్దులే. వచ్చేటప్పటికి అలాగే ఉంచు, నేను వచ్చి రాస్తాను."

అలాగే ఉంచాను.

మీరూ వినాలనుకుంటే...

* వారానికి ఒక్కటి చాలు. రోజూ అని పెట్టుకుంటే మూడోరోజుకి మానేస్తాం. ఆ గంట మీదని ఇంట్లో ముందే చెప్పండి.

* వరస మార్చకండి. నచ్చిన పాట ఒక్కటే తిప్పి తిప్పి వినడం తరవాత. కట్టినవాళ్లు ఏ వరసలో పెట్టారో ఆ వరసలోనే ముందు వినండి.

* చేతులు ఊరుకోవు. మొదట్లో పూలమాల కట్టుకుంటూ విన్నా ఫరవాలేదు గానీ, పొయ్యిమీద ఏదీ పెట్టకండి. నేను ఒక మూకుడు మాడ్చి తెలుసుకున్న సత్యమిది!

* తెలియని భాషైతే మొదటిసారి గొంతు మాత్రం వినండి. రెండోసారి మాటలు అచ్చులో చూసుకోండి.

* మూడుసార్లు విన్నాకే నచ్చిందో లేదో తేల్చండి. నచ్చకపోతే నిర్మొహమాటంగా రాసుకోండి. తేదీ కూడా వెయ్యండి. పదేళ్లకి మీ అభిప్రాయమే మీకు వింతగా ఉండొచ్చు.

* ఇంగ్లీషు పాటలతోనే మొదలుపెట్టాలని లేదు. 'శంకరాభరణం' పాటలో, ఘంటసాలగారి భగవద్గీతో, 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'యో... ఏదైనా సరే. మొదటి నుంచి చివరిదాకా.

* మీ పిల్లలు ఏం వింటున్నారో అడగండి. విని, రెండోసారి కూడా విని, ఆ తరవాత "తగ్గించు" అనండి. పరీక్షల ముందైతే తగ్గించమనాల్సిందే, నేనూ అమ్మనే! తగ్గించమనడం వేరు, అటకెక్కించడం వేరు. ఒకవేళ అటకెక్కిస్తే, పరీక్షలవగానే దింపి చేతికిచ్చెయ్యండి. పిల్లలు అడగలేదు కదా అని ఊరుకోకండి. కొందరు పిల్లలు అడగరు.

మా ఇద్దరు సభ్యుల సభ ఇంకా నడుస్తూనే ఉంది. ఈ వారం ఏం పెడుతున్నావని మా అత్తగారు శుక్రవారం నుంచే అడుగుతారు. శనివారం ఏడున్నరకి ఫోను మోగితే, తిన్నావా అనే ప్రశ్న ఇప్పుడు ఆఖరున వస్తోంది.

మీ ఇంటి అటకమీద ఏముంది? ఒకసారి స్టూలెక్కి చూడండి.